పేషెంట్ తాలూకు ఎవరు?

‘పేషెంట్ తాలూకు ఎవరండీ?’ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు తలుపు సగం తెరిచి నర్సమ్మ వేసే ఈ కేక విననివాళ్లు మనలో బహుశా ఎవరూ ఉండరు. ఆ కేక వినగానే బయట బెంచీ మీద కూర్చున్నవారిలో ఒకరు గబుక్కున లేచి ‘మేమేనండీ’ అంటారు. మందుల చీటీ అందుకుంటారు, సంతకం పెడతారు, కౌంటరు వైపు పరుగెడతారు. అక్కడ రెండో ప్రశ్న ఎదురవుతుంది: ‘ఇన్సూరెన్సా, క్యాషా?’ రోగం ఒకటే, రోగి పడే బాధ ఒకటే. కాని ఆ రెండో ప్రశ్నకు మనమిచ్చే జవాబును బట్టే ఆ రాత్రి ఎలా తెల్లవారుతుందన్నది తేలుతుంది.

రాజేంద్రనగర్ ప్రాంతంలో ఒక చిన్న సంఘంగా కూడుకునే మేము ఆ రెండో ప్రశ్న ముందు నోట మాట రాక నిలబడిపోయిన రాత్రి ఒకటుంది. మా సహోదరుడొకరు కాటేదాన్ పారిశ్రామికవాడలో పనిచేసేవాడు. ఒక శనివారం రాత్రి ఛాతీలో నొప్పి వచ్చి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళితే ఈసీజీ తీసి గుండెపోటన్నారు. వెంటనే స్టెంట్ వేయాలి, ముందుగా రెండు లక్షలు కట్టండన్నారు. అతని జీతం ఈఎస్ఐ పరిమితి కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ కనుక ఆ కార్డు లేదు. పెళ్లయి వేరుపడ్డాక పాలమూరులోని తండ్రి రేషన్ కార్డులోంచి పేరు తీయించుకున్నాడు. కొత్త కార్డు ఇంకా చేతికి రాలేదు. అర్ధరాత్రి అందరికీ ఫోన్లు చేసి పోగుచేస్తే నలభై వేలు దాటలేదు. చివరికి నగరంలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. మనిషి బతికాడు. కాని గడిచిపోయిన ఆ గంటల్లో గుండె కండరం బాగా దెబ్బతింది. ఇక బరువులు మోయకూడదన్నారు. చేస్తున్న పని పోయింది.

అదే నెలలో మా సంఘంలోనే మరో సహోదరుడికి అదే జబ్బు చేసింది. ఆయనకు కంపెనీవారి ఇన్సూరెన్స్ ఉంది. కార్డు చూపించగానే లోపలికి తీసుకెళ్లారు, రెండు గంటల్లో స్టెంట్ వేశారు, నాలుగో రోజున ఇంటికి పంపారు. ఆ తరువాతి ఆదివారమే ఆయన ఆరాధనలో నిలబడి, దేవుడు తనను సరైన సమయానికి సరైన ఆసుపత్రికి నడిపించాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు. అందరం బిగ్గరగా స్తోత్రం చెప్పాం. ఆరాధన ముగిశాక మొదటి సహోదరుని భార్య మా కాపరి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: ‘అయ్యగారూ, మా ఆయన దగ్గరికి రావడానికి దేవుడికి ఆలస్యమైందా?’

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. సాక్ష్యం చెప్పిన సహోదరునిది ఏ తప్పూ లేదు. బతికి బయటపడ్డవాడు దేవునికి కృతజ్ఞత చెప్పక ఏం చేస్తాడు? తప్పు మాది. ఇన్సూరెన్స్ కార్డు చేసిన పనిని కూడా దేవుని ప్రత్యేక కృప ఖాతాలో రాసేసి చప్పట్లు కొట్టాం. అలా చేసినప్పుడు కార్డు లేని కుటుంబం ఖాతాలో ఏం మిగులుతుందో ఆలోచించలేదు. ‘మన విశ్వాసం చాలలేదు కాబోలు’ అన్న నిందే వాళ్లకు మిగులుతుంది. ఆ సహోదరి ప్రశ్నకు మేమివ్వవలసిన నిజమైన జవాబు ఒకటే: ఆలస్యం చేసింది దేవుడు కాదమ్మా, డిపాజిట్టు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఇద్దరు రోగులున్నారు. ఒకరు సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తె. పన్నెండేళ్ల పిల్ల చావుబతుకుల్లో ఉంది. ఆ పిల్ల ‘తాలూకు’ సామాన్యుడు కాదు, ఊళ్లో పేరున్న పెద్దమనిషి. అంతటివాడు వచ్చి ప్రభువు పాదాల మీద పడి బతిమాలుకున్నాడు. రెండో రోగి పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ. ఆమె పేరు కూడా మనకు తెలియదు. ఆమె తరఫున బతిమాలేవారెవరూ లేరు. ఎంతోమంది వైద్యుల చుట్టూ తిరిగి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, జబ్బు ఇంకా ముదిరాక మిగిలిన నిరుపేద ఆమె. వైద్యం కోసం ఆస్తులమ్ముకున్నవాళ్ల కథ మన బస్తీల్లో ఇవాళ కొత్తగా పుట్టింది కాదన్నమాట. రెండువేల ఏళ్ల క్రితం దాన్ని మార్కు ఒక్క వాక్యంలో రాసిపెట్టాడు.

యేసుప్రభువు యాయీరు ఇంటికి వెళుతున్నాడు. ఒక్కొక్క నిమిషం విలువైనది. అలాంటి సమయంలో ఆ స్త్రీ వెనకనుంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుని స్వస్థత పొందింది. అంతటితో ఆయన ముందుకు సాగిపోవచ్చు. కాని ఆయన ఆగాడు. జనం తోసుకుంటున్నా, శిష్యులు ఆశ్చర్యపోతున్నా, పక్కన యాయీరు ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడి ఉన్నా ఆగాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆపైన ఆమెను కుమార్తె అని పిలిచాడు. ఆ పిలుపులోని లోతును గమనించాలి. యాయీరు కూతురికి తండ్రి ఉన్నాడు, అడిగే నోరుంది. ఈమెకు ఎవరూ లేరు. ‘ఈమె తాలూకు ఎవరు?’ అని ఆ గుంపులో ఎవరైనా అడిగితే బదులుండేది కాదు. ప్రభువే ఆమెకు తండ్రిలా నిలబడి ‘ఈమె నా మనిషి’ అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. స్వస్థత శరీరానికి చాలు. కాని ఎవరూ లేని మనిషికి తనవాళ్లంటూ ఉండటం కూడా కావాలని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మనం నివసించే ప్రాంతాన్ని చూద్దాం. 2008 మార్చి 23న శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. ఆఫ్రికా నుంచి, గల్ఫ్ దేశాల నుంచి రోగులు ఆ విమానాశ్రయంలో దిగి హైదరాబాద్ ఆసుపత్రులకు వస్తారు. వాళ్లూ దేవుని బిడ్డలే, బాగుపడి వెళితే సంతోషమే. ప్రపంచం వెతుక్కుంటూ వచ్చే వైద్యులు, పరికరాలు మన నగరంలో ఉన్నందుకు గర్వపడవచ్చు కూడా. అయితే వాళ్లను తీసుకువెళ్లే కారు డ్రైవరు, వాళ్ల సామాను ఎత్తే కాంట్రాక్టు కూలీ, వాళ్లు నడిచే గచ్చు తుడిచే అక్క తమకే జబ్బు చేస్తే ఆ ఆసుపత్రి మెట్లెక్కగలరా? అదే విమానాశ్రయంలో మన తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల దగ్గరికి బయలుదేరుతూ సంచిలో ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు సర్దుకుంటారు. అక్కడ మంచి ఇన్సూరెన్స్ లేకుండా డాక్టరు గడప తొక్కాలంటే భయం. అంటే ఈ అసమానత ఒక్క మన దేశపు జబ్బు కాదు. అక్కడ మన తల్లిదండ్రులు పడే భయాన్ని ఇక్కడ మన పక్కింటివాళ్లు ఏడాది పొడవునా పడుతున్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే అది అబద్ధమవుతుంది. విశ్వాసి అబద్ధమాడకూడదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో పల్లెల్లో అడగాలి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైంది. కూలివాడి గుండెకు కూడా కార్పొరేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరగవచ్చన్న ధైర్యాన్ని అది మొదటిసారిగా ఇచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కేంద్రం 2018 సెప్టెంబరులో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందుతుంది. 2024 అక్టోబరులో దాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండిన వృద్ధులందరికీ విస్తరించారు. బస్తీ దవాఖానాలు 2018 నుంచి నగరంలోని బీదలకు జ్వరానికీ దగ్గుకూ ఆసరా అయ్యాయి. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో ప్రజలు సొంత జేబులోంచి పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. దీనికి దేవునికి స్తోత్రం చెప్పాలి.

కాని వలకు కంతలున్నాయి. ఈఎస్ఐలో చేరడానికి 2017 జనవరిలో నిర్ణయించిన జీతపు పరిమితి నెలకు 21 వేల రూపాయలు. తెలంగాణలో పట్టణాల్లో ఆహార భద్రత కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. నెలకు 22 వేలు తెచ్చుకునే మనిషి లెక్క వేసి చూడండి. ఈఎస్ఐకి అతను ఎక్కువ సంపాదనపరుడు. రేషన్ కార్డుకు ఇంకా ఎక్కువ సంపాదనపరుడు. ఆసుపత్రి కౌంటరు దగ్గర మాత్రం కటిక పేదవాడు. దేశ జనాభాలో కనీసం 30 శాతం, అంటే దాదాపు 40 కోట్లమంది, ఏ ఆరోగ్య రక్షణా లేకుండా ఇలా మధ్యలో మిగిలిపోయారని 2021లో నీతి ఆయోగ్ తన నివేదికలో పేర్కొంది. మా కాటేదాన్ సహోదరుడు ఆ 40 కోట్లలో ఒకడు.

కార్డు ఉన్నవారి కష్టాలు వేరు. బకాయిలు చెల్లించడం లేదంటూ 2025లో తెలంగాణలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని ప్రకటించాయి. ప్రభుత్వానికీ ఆసుపత్రులకూ మధ్య లెక్కలు తేలేలోగా రోగికి వాయిదా పడుతుంది, రోగానికి పడదు. పైగా ఈ పథకాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినవారికే. నెలనెలా కొనే మాత్రలకు, రక్తపరీక్షలకు, ఆటో కిరాయికి, పక్కన కూర్చున్నవారు పోగొట్టుకునే కూలికి ఎవరు కడతారు? బీపీ మాత్ర కొనలేక మానేసినవాడికి పక్షవాతం వచ్చాక లక్షలు మంజూరు చేయడం, కట్ట తెగాక చెరువుకు కాపలా పెట్టినట్లుంటుంది.

చట్టం ఏమంటోందో కూడా మనం తెలుసుకోవాలి. ప్రమాదంలో ఉన్న ప్రాణాన్ని కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు అన్న తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక కూలీ రైలు నుంచి పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలితే, ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి అతన్ని తిప్పి పంపాయి. చివరికి సొంత ఖర్చుతో ప్రైవేటు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఆ కేసులో 1996లో తీర్పు చెబుతూ, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని న్యాయస్థానం అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. బెంగళూరు హైవే పక్కన బతికే మనవంటివారు ఇది గుర్తుపెట్టుకోవాలి. మాకు ఆ రాత్రి తీర్పుల సంగతి తెలియదు. తెలిసి ఉంటే డబ్బు పోగుచేయడానికి ఫోన్లు చేస్తూ కూర్చోకుండా, ముందు ప్రాణం నిలబెట్టండి అని గట్టిగా అడిగి ఉండేవాళ్లం. అడిగే నోరు లేకపోవడం కూడా ఒక పేదరికమే.

మన తెలుగు సంఘాల చరిత్ర ఈ విషయంలో సిగ్గుపడవలసినది కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆడవాళ్లకు వైద్యం అందడమే గగనమైన ఆ రోజుల్లో ఏళ్లతరబడి శ్రమించి 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగులకు వైద్యశాల ప్రారంభించారు. ఇళ్లవాళ్లే వెళ్లగొట్టిన మనుషులకు ‘తాలూకు’గా నిలబడ్డారు. దానికి లక్ష రూపాయల విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ క్రైస్తవుడు కాడు, హిందువు. అంటే రోగి పక్కన నిలబడటానికి మతం అడ్డు రాదని మన పెద్దలకు ఆనాడే తెలుసు. మంచి సమరయుని ఉపమానం చెప్పినప్పుడు ప్రభువు ఉద్దేశం కూడా అదే కదా! గాయపడ్డవాడు ఎవరో సమరయునికి తెలియదు. అయినా పూటకూళ్లవానికి రెండు దేనారాలు ముందు ఇచ్చి, ఇంకా ఎంత ఖర్చయినా తిరిగొచ్చి తీరుస్తానని పూచీ పడ్డాడు (లూకా 10:35). ఆ పూచీకి పరిమితి రాయలేదు.

మరి నేడు మన సంఘాల సంగతేమిటి? ఆదివారం బల్ల దగ్గర ఒకే రొట్టె విరుస్తాం, ఒకే పాత్రలోనిది తాగుతాం. వరుసలో ఒకరు సర్కారు ఉద్యోగి, హెల్త్ కార్డుంది. పక్కన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఇంటిల్లిపాదికీ కంపెనీ పాలసీ ఉంది. ఆ పక్కన ఇళ్లలో పనిచేసే చెల్లెమ్మ, ఆమెకేమీ లేదు. బల్ల దగ్గర ఒక్కటైన మనం ఆసుపత్రి గుమ్మం దగ్గర వేర్వేరు మనుషులమవుతున్నాం. కొరింథు సంఘంలో ఒకరు కడుపునిండా తిని మరొకరు ఆకలితో ఉంటే పౌలు మండిపడ్డాడు. మన మధ్య ఒకరికి ఏసీ గదిలో వైద్యం, మరొకరికి వరండాలో ఎదురుచూపు అని తెలిస్తే ఆ అపొస్తలుడు మనకు ఏమని ఉత్తరం రాసేవాడో! అంతెందుకు, ఎందరో రోగుల తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించే చిన్న సంఘాల కాపరుల్లో చాలామందికే ఏ బీమా లేదు. అయ్యగారికి జబ్బు చేస్తే సంఘం ఉపవాసముంటుంది గాని, ప్రీమియం కట్టాలన్న ఆలోచన ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎవరికీ రాదు. వైద్యం అవిశ్వాసం కాదు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే. మాత్రలు మానేయమని చెప్పే బోధ విశ్వాసం కాదు, ఎదుటివాడి ప్రాణంతో చెలగాటం.

ఆ సహోదరి ప్రశ్న తరువాత మేము చేసిన పనులు చాలా చిన్నవి. సంఘంలోని ప్రతి ఇంటికీ వెళ్లి ఎవరికి ఏ కార్డుంది, ఎవరికి లేదు, ఏ కార్డులో ఎవరి పేరు తప్పిందని ఒక పుస్తకంలో రాసుకున్నాం. కాగితాల పని తెలిసిన ఇద్దరు యువకులు కొత్త కార్డుల దరఖాస్తులు పెట్టించారు. మా కాపరి కుటుంబానికి పాలసీ తీసుకున్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేయడం కొంత కలిసివచ్చింది. నెలకొకసారి బల్ల ఆరాధన నాటి కానుకను రోగుల కోసం విడిగా ఉంచుతున్నాం. ఇళ్లలో పనివాళ్లను, దుకాణాల్లో కుర్రాళ్లను పెట్టుకున్న విశ్వాసులను ‘మీ దగ్గర పనిచేసేవారికి జబ్బు చేస్తే ఎలా?’ అని అడగడం మొదలుపెట్టాం. కొందరికి ఆ ప్రశ్న నచ్చలేదు. నచ్చకపోయినా అడుగుతున్నాం. అన్నిటికంటే ముఖ్యంగా, వారానికి ఇద్దరి చొప్పున వంతులు వేసుకున్నాం. మాలో ఎవరు ఆసుపత్రికి వెళ్లినా, మా బస్తీలో మా సంఘం కానివారెవరు పిలిచినా, ఆ ఇద్దరూ వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోవాలి.

ఇంతటితో సమస్య తీరిపోదని మాకు తెలుసు. సంఘం కానుకల పెట్టె ప్రభుత్వ ఖజానా కాదు. సర్కారు దవాఖానాల్లో డాక్టర్లు, పడకలు పెరగాలి. ఆసుపత్రుల బకాయిలు సకాలంలో చెల్లించాలి. మధ్యలో మిగిలిపోయిన 22 వేల జీతగానికి ఒక దారి చూపాలి. ఓటు అడగడానికి మన గడపకు వచ్చేవారిని శ్మశాన స్థలం, ప్రహరీ గోడ అడుగుతాం. తప్పు కాదు. కాని మన మండలానికి రాత్రిపూట గుండె డాక్టరుండే ప్రభుత్వాసుపత్రి కావాలని ఎన్నడైనా అడిగామా? చలికి వణికేవాడికి బట్ట ఇవ్వకుండా ‘వెచ్చగా ఉండు నాయనా’ అని పంపడం వల్ల ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రికలో ప్రశ్నిస్తాడు. ఆసుపత్రి వరండాలో ఐదు నిమిషాలు నిలబడి ‘ప్రార్థన చేస్తాం’ అని వచ్చేయడం కూడా ఒక్కోసారి అలాంటిదే. ప్రార్థన చేయాలి. చేశాక అక్కడే కూర్చోవాలి.

మంచి ఇన్సూరెన్స్ ఉన్న మనకు లోలోపల ఒక భయముంటుంది. అందరికీ ఆ తలుపు తెరిస్తే మన వంతు ఆలస్యమవుతుందేమో, మనకు దక్కేది తగ్గుతుందేమోనని. యాయీరుకు ఆ రోజు కలిగిన భయం కూడా అదే అయి ఉంటుంది. ఆ పేద స్త్రీ కోసం ప్రభువు ఆగినంతసేపూ అతను గుండె చేతబట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆమెతో మాట్లాడుతుండగానే కూతురు చనిపోయిందన్న కబురు కూడా వచ్చింది. కాని కథ అక్కడ ముగియలేదు. ప్రభువు యాయీరుకు భయపడవద్దని ధైర్యం చెప్పి అతని ఇంటికి వెళ్లాడు, పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు. ఆ స్త్రీ కోసం ఆగినందువల్ల యాయీరు కోల్పోయినదేమీ లేదు. దేవుని రాజ్యంలో ఒకరికి దొరికిన స్వస్థత మరొకరి వాటాలోంచి కోసిచ్చినది కాదు.

మా కాటేదాన్ సహోదరుడు ఇప్పుడు గగన్‌పహాడ్ దగ్గర ఒక చిన్న దుకాణంలో కూర్చుంటున్నాడు. ఈమధ్య ఒక రాత్రి పొరుగింటి ముసలాయనకు ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళితే, ఆ వారం వంతు అతనిదే. బరువు మోయలేడు కదా, నువ్వు రాకపోయినా ఫరవాలేదన్నాం. వినలేదు. తెల్లవార్లూ ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ముసలాయన కొడుకులు ఊళ్లో లేరు. తెల్లవారుజామున తలుపు తెరుచుకుని ‘పేషెంట్ తాలూకు ఎవరండీ?’ అన్న కేక వినిపించింది. అందరికంటే ముందు లేచి ‘మేమేనండీ’ అన్నది అతనే.